కొత్త అవాయు బ్యాక్టీరియా దొరికిందా? జార్ నుంచి పేరు దాకా ఏ దారి ఎంచుకోవాలి

సీక్వెన్స్‌లను పోల్చే బ్లాస్ట్‌లో 96.8 శాతమే పోలిక అని కనిపించగానే ల్యాబ్‌లో స్వీట్లు పంచారు. పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. గోబర్ గ్యాస్ తొట్టి బురదలోంచి తీసిన అవాయు బ్యాక్టీరియా అది, అంటే ఆక్సిజన్ లేనిచోట పెరిగేది. దానికి ఏ పేరు పెట్టాలో కూడా అప్పటికే అనేసుకున్నాం. మూడు నెలల తర్వాత ఫ్రీజర్‌లోంచి తీసి ట్యూబుల్లో వేస్తే ఒక్కదాంట్లోనూ పెరగలేదు. సీక్వెన్స్ మిగిలింది, జీవి పోయింది. బతికున్న టైప్ స్ట్రెయిన్ (పేరుకు ఆధారంగా దాచే అసలు కల్చర్) చూపించలేకపోతే ఆ పేరుకు గుర్తింపు రాదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఎంఎస్సీ, పీహెచ్‌డీ పిల్లలు వచ్చి "జార్ మంచిదా, చాంబర్ మంచిదా? 16ఎస్ అనే ఒక్క జన్యువు చాలా, జీనోమ్ మొత్తం కావాలా?" అని అడిగితే నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. చివరికి మీరు ఏం చెప్పదలుచుకున్నారు? "ఈ రోగి చీములో ఉన్నది ఫలానా బ్యాక్టీరియా" అని చెబితే చాలా? "ఇది శాస్త్రానికి కొత్త జాతి" అని చెప్పాలా? లేక "ఇది పెరగదు, కానీ దీని జీనోమ్ మా దగ్గర ఉంది" అని చెప్పాలా? ఈ మూడింటికీ దారులు వేరు, ఖర్చులు వేరు. ఈ వ్యాసం ఎక్కువగా రెండో ప్రశ్న వాళ్ల కోసం. మొదటి ప్రశ్న వాళ్లు మధ్యలో మాల్డీ అనే గుర్తింపు పరికరం గురించి రాసింది చదివి వెళ్లిపోవచ్చు. మూడో ప్రశ్న వాళ్లు చివరి భాగం చూడండి.

గాలిని బయట ఉంచడం: జార్, ట్యూబ్, చాంబర్

అన్నిటికంటే చవక అవాయు జార్. మూత బిగించే పాత్రలో ప్లేట్లు పేర్చి, ఒక సాచెట్ వేసి మూసేస్తారు. పాత రకం సాచెట్‌లో నీళ్లు పోస్తే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ హైడ్రోజన్ పల్లాడియం ఉత్ప్రేరకం మీద ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. కొత్త రకాల్లో కొన్ని ఆస్కార్బిక్ ఆమ్లంతో ఆక్సిజన్‌ను పీల్చేసుకుంటాయి. వాటికి నీళ్లూ అక్కర్లేదు, ఉత్ప్రేరకమూ అక్కర్లేదు. ఆసుపత్రి ల్యాబుకు ఇది బాగా సరిపోతుంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్, బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ లాంటివి కొంతసేపు గాలి తగిలినా తట్టుకుంటాయి.

ఇబ్బంది ఎక్కడంటే, జార్ మూసేదాకా పనంతా బల్ల మీద, మామూలు గాలిలోనే జరుగుతుంది. నమూనాను ప్లేటు మీద గీసేటప్పుడు (స్ట్రీక్) గాలి తగులుతుంది. మూశాక కూడా లోపలి ఆక్సిజన్ పోవడానికి టైమ్ పడుతుంది. ఒక ప్లేటు చూద్దామని జార్ తెరిస్తే మిగతా ప్లేట్లన్నిటికీ గాలి తగిలినట్టే. నెమరు పొట్టలో, గోబర్ గ్యాస్ తొట్టిలో ఉండే జీవుల్లో చాలావాటికి ఆ కాసేపు చాలు చచ్చిపోవడానికి. మీరు వెతికే కొత్త జాతి అలా చచ్చేవాటిలోనే ఉండే అవకాశం ఎక్కువ. తట్టుకునేవాటిని వందేళ్లుగా అందరూ జార్లలో పెంచుతూనే ఉన్నారు కదా.

రెండోది హంగేట్ పద్ధతి. ఆవుల నెమరు పొట్టలో సెల్యులోజ్‌ను విడగొట్టే బ్యాక్టీరియాను పట్టుకోవడానికి అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ 1940లలో దీన్ని తయారుచేసుకున్నాడు. వేడి రాగి గొట్టం గుండా పంపి ఆక్సిజన్ లేకుండా చేసిన వాయువును ట్యూబులోకి వదులుతూనే మీడియం (జీవికి తిండి ఉండే ద్రవం) పోస్తారు, బిరడా బిగిస్తారు. కరిగిన అగార్‌లో నమూనా వేసి, ట్యూబును అడ్డంగా పెట్టి చల్లటి నీళ్లలో గుండ్రంగా తిప్పితే లోపలి గోడకు పల్చటి పొరలా అతుక్కుంటుంది. ఇదే రోల్ ట్యూబు, కాలనీలు ఆ పొరలో వస్తాయి. ప్రతి ట్యూబూ ఒక చిన్న చాంబర్ లాంటిది. ఒకటి పాడైతే ఆ ఒక్కటే పోతుంది. 1976లో బాల్చ్, వుల్ఫ్ సీరం బాటిళ్లు, అల్యూమినియం సీలు వాడి లోపల పీడనం నిలబడేలా మార్చాక, హైడ్రోజన్ తిని మీథేన్ చేసే జీవులను పెంచడం చాలా తేలికైంది.

హంగేట్ పద్ధతికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. కావలసింది చెయ్యి తిరగడం. సూది గుచ్చే ముందు సిరంజీని నైట్రోజన్‌తో మూడుసార్లు కడగడం అలవాటు కావాలి. బ్యూటైల్ రబ్బరు బిరడాల బదులు మామూలు రబ్బరు బిరడాలు వాడితే ఆక్సిజన్ మెల్లగా లోపలికి పాకుతుంది. మొదటి నెల రోజులు మీ ట్యూబులన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి, టెన్షన్ పడకండి. మీడియంలో వేసే రెసాజ్యూరిన్ ఆక్సిజన్ ఉంటే గులాబీ రంగులో, లేకపోతే రంగు లేకుండా ఉంటుంది. సిస్టీన్, సోడియం సల్ఫైడ్ వేసినా రంగు పోలేదంటే ఆ ట్యూబు పారేయడమే. "కొంచెమే గులాబీ, పర్లేదులే" అనుకుని అందులో జీవిని వేసినవాళ్లెవరూ బాగుపడలేదు.

మూడోది చాంబర్. పారదర్శకమైన పెద్ద గుడారం లాంటి గది, దానికి చేతులు దూర్చే గ్లవ్స్. లోపల సాధారణంగా 85 శాతం నైట్రోజన్, 10 శాతం హైడ్రోజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. ప్లేట్లు తెరిచి తీరిగ్గా కాలనీలు ఎంచుకోవచ్చు. వందల కాలనీలు ఎత్తాలంటే దీనికి మించింది లేదు. కానీ కొన్నాక అయ్యే ఖర్చు గురించి అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు. గ్యాస్ సిలిండర్లు అయిపోతూనే ఉంటాయి. గ్లవ్స్ చిరుగుతాయి. సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియాను పెంచితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పల్లాడియం ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసి వేడి చేసి మళ్లీ పనిలోకి తేవాలి. ఆ డ్యూటీ ఒక మనిషికి పక్కాగా అప్పజెప్పని ల్యాబులో చాంబర్ ఆరు నెలల్లో బీరువాగా మారుతుంది.

నా సలహా ఇది. పది, ఇరవై స్ట్రెయిన్ల మీద పని చేసే చిన్న ల్యాబు అయితే హంగేట్ ట్యూబులు నేర్చుకోండి. పేగు బ్యాక్టీరియా మీద పెద్ద ప్రాజెక్టు, నలుగురైదుగురు మనుషులు ఉంటే చాంబర్ కొనండి. జార్‌ను ఆక్సిజన్ తట్టుకోవడం పరీక్షించడానికి, రోజువారీ సబ్‌కల్చర్లకు ఉంచుకోండి. ఏది సరిపోతుందో తేల్చుకోలేకపోతే ఒకే నమూనాను, ఒకే డైల్యూషన్‌తో, రోల్ ట్యూబులోనూ జార్‌లోనూ పెట్టి లెక్కపెట్టండి. ట్యూబులో కాలనీలు చాలా ఎక్కువ వస్తే, ఆ తేడా అంతా జార్ చంపేసిన జీవులే.

కాంతితో బతికే అవాయు బ్యాక్టీరియాకు దారి వేరు. ఊదా రంగు గంధక బ్యాక్టీరియాను పట్టాలంటే స్క్రూ మూత సీసాను అంచు దాకా మీడియంతో నింపి, గాలి బుడగ లేకుండా మూసి, వెలుతురులో పెడితే చాలు. తర్వాత కరిగిన అగార్‌లో పలచన చేస్తూ పోయే అగార్ షేక్ డైల్యూషన్లతో వేరు చేస్తారు. రొయ్యల చెరువు అడుగున నల్లటి బురద ఉన్న కోస్తా జిల్లాల వాళ్లకు ఇంతకంటే తక్కువ ఖర్చులో అయ్యే పని లేదు.

మీడియం విషయంలో ఒక్క మాట. ఏ పద్ధతైనా, జీవికి ఇష్టమైన తిండి పెట్టకపోతే వృథా. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు పేగు గోడ మీది జిగురు పదార్థం మ్యూసిన్‌ను మాత్రమే తిండిగా పెట్టి ఒక బ్యాక్టీరియాను పట్టారు. 2004లో దానికి అక్కర్మాన్సియా మ్యూసినిఫైలా అని పేరు పెట్టారు. మ్యూసిన్‌ను ఇష్టపడేది అని ఆ రెండో మాటకు అర్థం. అది ఆరోగ్యంగా ఉన్న మనుషుల పేగులో మామూలుగా ఉండేదే. గ్లూకోజ్ మీడియాలతో వెతికినన్నాళ్లూ అది ఎవరి కంటా పడలేదు.

ఒకటా, రెండా?

సీక్వెన్సింగ్‌కు డబ్బు కట్టే ముందు కల్చర్ శుద్ధంగా ఉందని తేల్చుకోవాలి. ఇక్కడ ఎంపిక లేదు, చేసి తీరాలి. అయినా దీన్నే అందరూ దాటవేస్తారు.

అవాయు జీవుల్లో ఒకటి వదిలిన దాన్ని ఇంకొకటి తిని బతకడం మామూలు. మీథేనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కీ అనే జీవి ఇథనాల్‌ను మీథేన్‌గా మారుస్తుందని 1940 ప్రాంతం నుంచి అందరూ నమ్మారు. పాఠ్యపుస్తకాలకెక్కింది. 1967లో బ్రయాంట్ బృందం చూస్తే అది ఒక జీవి కాదు, రెండు. ఒకటి ఇథనాల్‌ను అసిటేట్‌గా మార్చి హైడ్రోజన్ వదులుతుంది. రెండోది ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేస్తుంది. రెండోది హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు తినేయకపోతే మొదటిదాని పని ఆగిపోతుంది. పాతికేళ్లకు పైగా నిపుణులనే మోసం చేసిన జంట అది. మన రెండు నెలల కల్చర్ ఏ పాటిది!

అందుకని ఒకే కాలనీని కనీసం మూడుసార్లు మళ్లీ మళ్లీ వేరు చేయండి. మైక్రోస్కోప్‌లో ఒకే ఆకారం కనిపిస్తోందని ఆగిపోవద్దు. గ్లూకోజ్ వేసిన పోషక మీడియంలో అవాయు స్థితిలోనూ, మామూలు గాలిలోనూ పెట్టి చూడండి. గాలిలో ఏదైనా పెరిగితే దాక్కున్నది బయటపడుతుంది. ఆ రోజే, అదే రోజే, ఆక్సిజన్ తీసేసిన గ్లిసరాల్‌లో స్టాకులు చేసి రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టండి. వారం తర్వాత ఒకటి తీసి పెరుగుతుందో లేదో చూడండి. మా గోబర్ గ్యాస్ జీవి విషయంలో మేము చేయనిది ఈ ఆఖరి పనే.

పోల్చే పద్ధతులు: మాల్డీ, కిట్, 16ఎస్, జీనోమ్

మాల్డీ-టాఫ్ పరికరం బ్యాక్టీరియా ప్రోటీన్ల బరువుల నమూనాను తన డేటాబేస్‌తో పోలుస్తుంది. కాలనీ ఉంటే నిమిషాల్లో జవాబు. చాలా ల్యాబుల్లో వాడే పరికరంలో 2.0 దాటిన స్కోరును జాతి స్థాయి గుర్తింపుగా తీసుకుంటారు. ఆసుపత్రిలో చీము, రక్తం నమూనాలకు ఇదే సరైన ఎంపిక. కానీ తన పట్టికలో లేనిదాన్ని అది గుర్తించలేదు. "గుర్తింపు లేదు" అని వచ్చినంత మాత్రాన కొత్త జాతి కాదు, ఆ పట్టికలో లేదని మాత్రమే అర్థం. కొత్తదనం వెతికేవాళ్లకు మాల్డీ జల్లెడలా పనికొస్తుంది. రెండు వందల కాలనీల్లో తెలిసినవాటిని తీసి పక్కన పెట్టేస్తే, మిగిలిన పదిహేనింటి మీద డబ్బు పెట్టవచ్చు.

చక్కెరలు, ఎంజైముల గుంటలున్న జీవరసాయన కిట్‌ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అవీ పట్టిక ఆధారంగా నడిచేవే. వాటితో గుర్తించడం మానేసి, జీవి లక్షణాలు రాయడానికి వాడుకోండి.

16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు దగ్గర ఆగి మాట్లాడుకోవాలి. సుమారు 1500 బేస్‌ల పొడవు, అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉంటుంది, తక్కువ ఖర్చు. ఒకప్పుడు 97 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే కొత్త జాతి అనేవాళ్లు. ఇప్పుడు హద్దు 98.65 లేక 98.7 శాతం. ఈ అంకె ఒకవైపే పని చేస్తుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పోలిక అంతకంటే తక్కువైతే కొత్త జాతి అనడానికి గట్టి ఆధారం. ఎక్కువైతే మాత్రం పాత జాతే అని తేలదు. ఏమీ తేలదు, అంతే. క్లాస్ట్రీడియం బొట్యులినంలోని ఒక సమూహానికీ, క్లాస్ట్రీడియం స్పోరోజెనిస్‌కూ 16ఎస్ దాదాపు ఒకటే. ఒకటి ప్రాణాంతక విషం చేస్తుంది, రెండోది మామూలుగా చేయదు.

బొట్యులినం కథలో ఇంకో పాఠం ఉంది. ఆ పేరు కింద ఉన్నవి ఒకే జాతి కావు. విషం చేసేవన్నిటినీ ఒకే పేరు కింద కట్టేశారు. జీనోమ్‌లు చూస్తే అవి వేరువేరు గుంపులు. ఒక్క గుణాన్ని పట్టుకుని వర్గీకరిస్తే ఇలాగే అవుతుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఫీకాలిబాక్టీరియం ప్రాస్నిట్జీ. మన పేగుల్లో బ్యూటిరేట్ తయారుచేసే ముఖ్యమైన బ్యాక్టీరియా. కడ్డీ ఆకారం, గ్రామ్ నెగటివ్‌లా కనిపిస్తుంది, స్పోర్లు (గట్టి పెంకు విత్తనాల్లాంటివి) లేవు, బ్యూటిరేట్ చేస్తుంది. ఈ లక్షణాలన్నీ చూసి దాన్ని ఫ్యూసోబాక్టీరియం ప్రజాతిలో (జీనస్) పెట్టారు. 16ఎస్ చూస్తే అది క్లాస్ట్రీడియం బంధువుల వైపు తేలింది. 2002లో దానికి కొత్త ప్రజాతి ఇచ్చారు. గుణాలు చూసి ఇల్లు తప్పు చెప్పారు, జన్యువు సరిచేసింది.

16ఎస్ చేయించేటప్పుడు మొత్తం 1500 బేస్‌లూ చదివించండి. నమూనాలో ఏయే జీవులున్నాయో ఒకేసారి చూసేవాళ్లు వాడే చిన్న ముక్కతో జాతి తేల్చాలని చూడవద్దు. క్లాస్ట్రీడియం లాంటివాటిలో ఈ జన్యువు పది కాపీలు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది, కాపీల మధ్య చిన్న తేడాలూ ఉండొచ్చు. సీక్వెన్స్‌లో రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తే అది కాపీల తేడానా, కల్తీనా అని అనుమానించాలి. పోల్చేటప్పుడు బ్లాస్ట్‌లో పైకి వచ్చిన పేరును నమ్మకండి. అందులో ఎవరెవరో పెట్టిన తప్పు పేర్లుంటాయి. టైప్ స్ట్రెయిన్లతో పోల్చి చూపే ఎజ్‌బయోక్లౌడ్ లాంటిదాంట్లో చూడండి. మా 96.8 శాతం కూడా ఒక పెంచని, పేరులేని సీక్వెన్స్‌తో పోలికే. అప్పుడు మాకది తట్టలేదు.

ఇక జీనోమ్. కొత్త జాతిని ప్రకటించాలంటే ఈ రోజు ఇది తప్పనిసరి అనుకోండి. పాతకాలంలో డీఎన్‌ఏ-డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్ ఉండేది, అంటే రెండు జీవుల డీఎన్‌ఏ ఎంతవరకు జతకడుతుందో చూడడం. 1987లో 70 శాతం హద్దుగా పెట్టారు. రెండేసి స్ట్రెయిన్లను తీసుకుని చేతితో చేయాల్సిన పని, ఒక ల్యాబు అంకె ఇంకో ల్యాబు అంకెతో కలిసేది కాదు. ఇప్పుడు జీనోమ్ ఉంటే అదే అంకెను కంప్యూటర్ లెక్కగడుతుంది. జర్మనీలోని డీఎస్‌ఎంజెడ్ (సూక్ష్మజీవుల కల్చర్లు దాచే సంస్థ) నడిపే సైటులో ఉచితంగా చేసుకోవచ్చు. హద్దు అదే 70 శాతం. రెండోది సగటు న్యూక్లియోటైడ్ పోలిక, ఏఎన్‌ఐ అంటారు. దాని హద్దు 95 నుంచి 96 శాతం, అంతకంటే తక్కువైతే వేరే జాతి.

ఈ రెండింటిలో ఏది? ఒకటే ఎంచుకోవాలంటే ఏఎన్‌ఐ. లెక్క త్వరగా అవుతుంది, అర్థం చేసుకోవడం తేలిక. కానీ అంకె 94, 96 మధ్య పడితే రెండూ పెట్టండి, జీనోమ్‌లో ఎంత భాగం పోలికకు వచ్చిందో కూడా చెప్పండి. జీనోమ్‌లో పదో వంతు మాత్రమే పోలికకు వస్తే 96 అన్న అంకెకు విలువ లేదు. ఇంకో చిన్న పరీక్ష ఎవరూ మానకూడదు. విడిగా చేయించిన 16ఎస్, జీనోమ్‌లోని 16ఎస్ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా? కలవకపోతే ఎక్కడో ట్యూబులు మారాయి, లేదా ఇందాకటి కల్తీ ఇంకా ఉంది. డీఎన్‌ఏను చిన్న ముక్కలుగా చదివే సీక్వెన్సింగ్ అయితే కవరేజీ (ఒక్కో బేస్‌ను సగటున ఎన్నిసార్లు చదివారన్నది) 50 రెట్లకు తగ్గకుండా చూడండి.

కొత్త జాతా, కొత్త ప్రజాతా?

"జీనస్ నోవ్" (కొత్త ప్రజాతి) అని రాయాలని అందరికీ ఉబలాటమే. ఏఎన్‌ఐ ఇక్కడ పనికిరాదు, దూరపు బంధువుల మధ్య ఆ అంకెకు అర్థం ఉండదు. 16ఎస్‌లో 94.5 శాతం కంటే తక్కువ పోలిక ఒక సూచన. ఉమ్మడి ప్రోటీన్లు సగానికి తగ్గితే వేరే ప్రజాతి అనే పద్ధతీ ఉంది, కానీ అది అన్ని కుటుంబాలకూ ఒకేలా పనిచేయదు. చివరికి నిర్ణయించేది చాలా జన్యువులతో గీసిన వంశవృక్షంలో మీ స్ట్రెయిన్ ఎక్కడ నిలబడింది అన్నదే. సందేహం ఉంటే ఉన్న ప్రజాతిలోనే కొత్త జాతిగా పెట్టమంటాను. తర్వాత ఎవరైనా విడదీయవచ్చు. తొందరపడి కట్టిన ప్రజాతిని కూల్చడం పెద్ద గొడవ.

క్లాస్ట్రీడియం ప్రజాతి ఇందుకు చక్కటి ఉదాహరణ. స్పోర్లు చేసే, సల్ఫేట్‌ను వాడని అవాయు కడ్డీలన్నిటినీ దశాబ్దాల పాటు అందులో పోసేశారు. 16ఎస్ వచ్చాక అది ఒక ప్రజాతి కాదని, ఎన్నో కుటుంబాల గోడౌన్ అని తేలింది. అసలైన క్లాస్ట్రీడియం అంటే క్లాస్ట్రీడియం బ్యూటిరికం చుట్టూ ఉన్నవే. మిగతావాటిని ఒక్కొక్కటిగా బయటికి పంపుతున్నారు. 1935లో అప్పుడే పుట్టిన పిల్లల మలంలో కనుక్కున్న బాసిల్లస్ డిఫిసిలిస్, తర్వాత క్లాస్ట్రీడియం డిఫిసిలె అయింది. మధ్యలో పెప్టోక్లాస్ట్రీడియం అనే పేరు ప్రతిపాదించారు. ఆసుపత్రుల్లో అందరూ "సీ డిఫ్" అని పిలిచేదాన్ని ఒక్కసారిగా "పీ డిఫ్" అంటే డాక్టర్లు ఊరుకుంటారా? 2016లో క్లాస్ట్రీడియాయిడిస్ అని పెట్టారు. వర్గీకరణ సరిపోయింది, సీ అక్షరమూ మిగిలింది. పేరు పెట్టేటప్పుడు వాడేవాళ్లను గుర్తుపెట్టుకోవడం అంటే అది.

మీ పాత నోట్సులో ఫర్మిక్యూట్స్ (క్లాస్ట్రీడియం లాంటివి చేరే పెద్ద వర్గం) అని ఉంటే దానికి 2021 నుంచి అధికారిక పేరు బాసిల్లోటా. పేపరులో పాతది రాస్తే రివ్యూయర్ మొదటి వ్యాఖ్య అదే అవుతుంది.

లక్షణాలు రాయడం

జీనోమ్ ఉంది కదా అని ప్రయోగాలు మానేయలేరు. ఏ ఉష్ణోగ్రతలో, ఏ పీహెచ్‌లో, ఎంత ఉప్పులో పెరుగుతుంది, స్పోర్లున్నాయా, కొవ్వు ఆమ్లాలు ఏవి, ఇవన్నీ కావాలి. అవాయు జీవులకు వీటన్నిటికంటే ముఖ్యమైనది పులియబెట్టాక మిగిలే పదార్థాల పట్టిక. గ్యాస్ క్రొమటోగ్రఫీలోనో, హెచ్‌పీఎల్‌సీలోనో అసిటేట్, బ్యూటిరేట్, లాక్టేట్, ఇథనాల్ ఎంతెంత వచ్చాయో కొలవండి. వాయుసహిత బ్యాక్టీరియా పేపర్లు చూసి, శ్వాసలో ఎలక్ట్రాన్లు మోసే క్వినోన్ల పరీక్షకు డబ్బు పంపేవాళ్లుంటారు. పులియబెట్టి బతికే చాలా అవాయు జీవుల్లో శ్వాస క్వినోన్లు ఉండనే ఉండవు. ముందు జీనోమ్‌లో వాటి జన్యువులున్నాయో లేదో చూసుకుని పంపండి.

దగ్గరి బంధువుల టైప్ స్ట్రెయిన్లను తెప్పించాలా, పాత పేపర్లలోని అంకెలు వాడాలా? తెప్పించండి. ఖర్చే, ఆలస్యమే. కానీ వేరే మీడియంలో, వేరే ఉష్ణోగ్రతలో ఎవరో ఎప్పుడో చేసిన కొవ్వు ఆమ్లాల అంకెలను మీవాటి పక్కన పెడితే ఆ పట్టిక దేన్నీ నిరూపించదు. కనీసం అతి దగ్గరి ఒక్క బంధువునైనా మీ ల్యాబులో, మీ మీడియంలో, మీ స్ట్రెయిన్ పక్కనే పెంచండి.

ఎక్కడ దాచాలి

పేరు చెల్లాలంటే టైప్ స్ట్రెయిన్‌ను రెండు వేర్వేరు దేశాల్లోని రెండు కల్చర్ సేకరణల్లో పెట్టాలి, అడిగినవాళ్లకు దొరికేలా ఉండాలి. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణేలోని ఎంసీసీ ఉన్నాయి. విదేశాల్లో జర్మనీ డీఎస్‌ఎంజెడ్, జపాన్ జేసీఎం, కొరియా కేసీటీసీ ఎక్కువగా వాడతారు. కఠిన అవాయు జీవులను చూసుకోవడంలో డీఎస్‌ఎంజెడ్‌కు ఉన్న అనుభవం వల్ల నేనైతే మొదట అక్కడికే పంపుతాను. మన దగ్గర తీసిన స్ట్రెయిన్‌ను విదేశానికి పంపే ముందు 2002 నాటి జీవవైవిధ్య చట్టం, దాని కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు చూసుకోవాలి. పేపరు రాసేశాక ఈ పని మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి. స్ట్రెయిన్ కొత్తదని అనుమానం వచ్చిన వారమే ఆ కాగితాల పని మొదలుపెట్టండి. పంపేటప్పుడు మీ మీడియం రెసిపీ, రెసాజ్యూరిన్‌తో సహా, కాగితం మీద రాసి జత చేయండి. వాళ్ల దగ్గర అది పెరగకపోతే స్ట్రెయిన్‌ను దాచామన్న సర్టిఫికెట్ రాదు.

మూడు రకాల పేర్లు

పెంచిన జీవికి అంతర్జాతీయ ప్రొకేరియోట్ల నామకరణ నియమావళి కింద పేరు పెడతారు. ఐజేఎస్‌ఈఎమ్ పత్రికలో వేయాలి, లేదా వేరే పత్రికలో వేసి ఐజేఎస్‌ఈఎమ్ ధ్రువీకరణ జాబితాలో ఎక్కించాలి. పుణే పరిశోధకులు మనుషుల మలంలోంచి తీసిన మెగాస్ఫీరా ఇండికా 2014లో ఈ దారిలోనే వచ్చింది.

పెంచలేకపోతే 1990ల నుంచి "క్యాండిడేటస్" అనే ముందుమాటతో తాత్కాలిక పేరు ఉంది. దానికి ప్రాధాన్య హక్కు, అంటే ముందు పెట్టిన పేరే చెల్లాలన్న హక్కు, ఉండదు. 2020లో జీనోమ్‌నే టైప్‌గా ఒప్పుకోవాలన్న ప్రతిపాదనను నామకరణ కమిటీ తిరస్కరించింది. దాంతో 2022లో కొందరు శాస్త్రవేత్తలు సీక్‌కోడ్ అనే వేరే నియమావళి మొదలుపెట్టారు. అందులో మంచి నాణ్యత గల జీనోమ్ సీక్వెన్సే టైప్. పెరగని జీవులతోనే పని చేసేవాళ్లకు క్యాండిడేటస్ కంటే అదే మెరుగు. జీవి పెరిగేలా ఉంటే మాత్రం ఓపిక పట్టండి. జపాన్ బృందం లోతు సముద్రపు బురదలోని ఒక ఆస్గార్డ్ ఆర్కియాను (బ్యాక్టీరియా కాని మరో రకం సూక్ష్మజీవి) కల్చర్‌లోకి తేవడానికి పన్నెండేళ్లు పట్టింది, అది రెట్టింపు కావడానికి 14 నుంచి 25 రోజులు తీసుకుంటుంది. 2020లో దాన్ని ప్రకటించినప్పుడు కూడా వాళ్లు క్యాండిడేటస్ అనే పెట్టారు. పెంచడం ఆపలేదు, నాలుగేళ్ల తర్వాత దానికి పక్కా పేరు తెచ్చుకున్నారు.

పేరు కోసం పెద్ద వాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు, తినే తిండి, అన్నీ చెల్లుతాయి. సొంత పేరు మాత్రం పెట్టుకోకూడదు. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు 2009లో ఒక సముద్రపు బ్యాక్టీరియాకు భార్గవేయా సెసెంబెన్సిస్ అని పెట్టారు. అది అవాయు జీవి కాదు గానీ, సంస్థ పొట్టి పేరునే లాటిన్ చేసేశారు. ఊరి పేరుకు లాటిన్ తోక తగిలించేటప్పుడు ప్రజాతి లింగం చూసుకోవాలి. 2007లో హైదరాబాద్ పరిశోధకులు భీమిలి దగ్గరి ఉప్పునీటి చెరువుల్లోంచి తీసిన రెండు ఊదా రంగు గంధక బ్యాక్టీరియాకు ఆ ఊరి పేరే పెట్టారు. ఒకటి మారిక్రొమేషియం భీమ్లికం, రెండోది థియోరోడోకాకస్ భీమ్లికస్. క్రొమేషియం నపుంసకలింగం, కాకస్ పుంలింగం కాబట్టి భీమిలి ఒకచోట "కం" అయింది, ఇంకోచోట "కస్" అయింది. కాకినాడ దగ్గర దొరికిన దానికి కాకినాడెన్సిస్ అని పెట్టారు. కాకస్ కాబట్టి "సిస్" సరిపోయింది, అదే క్రొమేషియం అయ్యుంటే కాకినాడెన్సె అని రాయాల్సి వచ్చేది.